ఇంకో లైఫు

కొర్లగుంటలో జిలానీ అన్న అంగడి.
రెండు టీవీలు, అయిదు స్టూళ్లు,
అరగంటకు రెండు రూపాయలు.
పాలకిచ్చిన చిల్లరలో ఎంత ఆవిరైపోయిందో
మా అమ్మకు ఇప్పటికీ తెలీదు.

బొమ్మ రాకపోతే క్యాసెట్టు పీకి
ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాడు చెంగల్రాయులు.
ఎప్పుడూ వాడే ఊదాల.
మా ఊపిరికి టీవీ పలికేది కాదు.
నాలుగో లెవెల్లో, సరిగ్గా ఆ గుంత కాడ,
కరెంటు పోయేది.
"పాయె" అనేవాడు జిలానీ అన్న,
గడియారం మాత్రం ఆపకుండా.

మొన్న ఆదివారం తలకోన పోయినాం,
ఇద్దరం ఒకే బండి మీద,
భాకరాపేట ఘాటంతా
వాడి మోకాళ్ల నొప్పి గురించే మాట్లాడుకుంటా.

వాగులో రాళ్లు.
ఒకటి దగ్గర, ఒకటి దూరం,
మూడోది పాచి పట్టి నున్నగా మెరుస్తా ఉంది.
వాడు ఆగినాడు.
నేను చూసింది వాడి కాళ్లను కాదు,
కుడిచేతి బొటనవేలిని.
ఉత్త గాల్లో
ఒకసారి నొక్కినాడు.

దూకినాడు.
నడుం దాకా నీళ్లలో పడినాడు.
"పాయె" అన్నాను, నాకు తెలీకుండానే.

లేచి, జేబులోంచి ఫోను తీసి,
తుడవలేదు, విదిలించలేదు,
నా మొహం చూసి
ఉఫ్‌మని ఊదినాడు.