పదమూడో భాగం

కందుకూరులో జిలానీ వీడియో లైబ్రరీ మూసేసిన రోజు
కిలో పన్నెండు రూపాయల లెక్కన
గోతాం నిండా క్యాసెట్లు తూయించుకొచ్చాను.

బూజు పట్టిన టేపుని
స్పిరిట్లో ముంచిన దూదితో తుడుస్తుంటే
మా ఆవిడ గడపలో నిలబడి అంది:
"పిల్ల చెవులు కూడా ఇంత నెమ్మదిగా తుడవలేదు ఈ మనిషి."

మంగళవారం రాత్రుల సీరియల్ అది.
పన్నెండు వారాలు
వీధి వీధంతా మా వరండాలోనే.
పదమూడో వారం కరెంటు పోయింది.
హంతకుడెవరో
ఒక్క కందుకూరుకే తెలియలేదు.

ఇన్నేళ్లకి దొరికింది.
డిటెక్టివ్ తలుపు దగ్గరగా వేశాడు,
ఒక్కొక్కరినే చూశాడు,
వేలెత్తాడు...
గీతలు. గరగర.
ఆపైన
సింగరాయకొండలో ఎవరిదో ఓణీల ఫంక్షన్.

వీసీఆర్ బాగుచేసే మాలకొండయ్య
స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని
"నేనప్పుడు ఒంగోల్లో చూశా అబ్బయా, ఆ చంపినోడు..." అనబోతే
చెప్పమాక అన్నాను.

రోజూ రాత్రి ఆ ఫంక్షనే వేసుకుంటున్నా.
బంతిలో మూడో ఆకు ముందు కూర్చున్నాయన
లడ్డు ముట్టుకోడు.
వడ్డించే మనిషి
ఆయన దగ్గరికి రాగానే
కెమెరా వంక చూస్తాడు.