తూకం చిట్టీల వెనక

మా ఇంటిపేరు పిట్టలోళ్లు.
మూడు తరాల సంది వల ఇసురుతున్నం గని
ఒక్క పిట్టనన్నా లెక్కవెట్టినోడు లేడు.
సొసైటీల కాంటా పట్టేది నేను.
కిలోలు ఎరుక, గ్రాములు ఎరుక,
తడి గోనెసంచి ఎంత దొంగబరువు తూగుతదో ఎరుక.

రెండేండ్ల కింద మిరుగం నాడు
తెల్లారకముందే హన్మకొండ సగం మా చెరువుకట్ట మీదుంది.
సంచులు, టిఫిన్ డబ్బాలు, స్కూటర్ల హారన్లు.
కొర్రమట్టో బొచ్చెనో
ఆ పొద్దు చేప ముక్క నోట్లె పడాలె.
సారంగం రెల్లుమూల నుంచి తెచ్చిన కొర్రమట్టను
నేనే కాంటా మీద పెట్టిన.
రెండు కిలోల మున్నూరు.
కత్తి పెట్టంగనే కడుపుల నుంచి చెన జారింది,
జొన్నగటుక లెక్క, పసుప్పచ్చగ,
పళ్లెం నిండి బండ మీద పారింది.
కొనెటాయన అడిగిండు:
"గిది గూడ తూకంల పట్టినవా?"
పట్టిన. పైసలు తీసుకున్న.
కాంటా ముల్లు సున్నకు తిరిగొచ్చింది.
నేను రాలె.

ఆ రాత్రి పాత చిట్టీల కట్ట ఇప్పిన.
పదేండ్ల కింద జెల్ల ఉండె, వాలుగ ఉండె,
మార్పు అని ఒక చేప ఉండె.
ఇప్పుడు మార్పే ఉన్నది, చేప లేదు.
కొత్త చిట్టీల నిండ
సర్కారు లారీల తెచ్చి ఇడిచిన బొచ్చె, రవ్వ, బొచ్చె, రవ్వ.

పడమటి దిక్కు కాలనీ పైపు
పొద్దున ఆరింటికి సబ్బునురగ కక్కుతది.
నురగల నిలవడ్డ కొంగను చూసి
నా మనుమరాలు "తాతా, మంచు పడ్డది" అన్నది.
శిఖంల నెంబరు గీకిన రాయి
ఎండకాలం ఎండకాలం నీళ్ల దిక్కు నడుస్తున్నది.
రాళ్లకు కాళ్లుంటయా సారూ అంటే
సర్వేయరు టేపు చుట్టుకొని బండెక్కిండు.

గప్పటి సంది చిట్టీల వెనక పిట్టల్ని రాస్తున్న.
పుస్తకం పేర్లు నాకు రావు. నేను పెట్టుకున్నయే.
ఆకుల మీద నడిచేది: ఆరు.
ఈడ మునిగి యాడనో తేలేది: పదకొండు.
ముక్కు సరిగ మూసుకోనిది, నత్తలు తినేది: రెండు.
చలికాలం ఏ దేశం నుంచి వస్తయో,
సూదితోక బాతులు: నలభై ఒకటి.
అదే చిట్టీ ముందట: బొచ్చె, పద్నాలుగు కిలోలు,
బాకీ ఉన్నది.

పోయినేడు మీటింగుల లేచి చెప్పిన:
మిరుగం నుంచి పెద్దపుసాల దాంక
రెల్లుమూలల వల వద్దు. దోమతెర వల అసలే వద్దు.
సారంగం గయ్యిన లేచిండు:
"పిట్టలోనివి గదా, పిట్టల పంచాయితి పెడ్తున్నవ్.
నా బిడ్డ నర్సింగు ఫీజు నీ బాతులు గడ్తయా?"
నా తాన జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు.
చేతులు లేపుమన్నరు.
అటు పందొమ్మిది, ఇటు పదిహేడు.
ఆ పందొమ్మిదిల సారంగం చెయ్యి గూడ ఉండె.
ఎందుకని నేను అడగలె. ఆయన చెప్పలె.

ఈ మిరుగానికి వచ్చినోళ్లు
ఐసు డబ్బాల చేపలు కొనుక్కొని తిట్టుకుంట పోయిండ్రు.
పైపు మీద మూడు దరఖాస్తులు పెట్టినం.
మూడింటి నకళ్లు గూడ గీ చిట్టీల కట్టలనే ఉన్నయి.

మొన్న చిన్నపుసాల వానకు
రాత్రంత తెప్ప మీద కావలి, నేను, సారంగం.
తెల్లారంగ రెల్లు సందున నీళ్లు ఎర్రగ కదిలినయి.
కుంకుమ ఒలికి, ఒలికిన కాడ ఉండక
తిరుగుతున్నట్టు.
కొర్రమట్ట పిల్లలు. వేలో, పదివేలో.
కింద తల్లి, నల్లగ, అంగుళం గూడ ఎడం గాకుంట.
సారంగం బీడీ ఆర్పిండు.
చిట్టీ తీసిన. తారీఖు ఏసిన.
ఎంత అని రాయాలె?
"తూకం పట్టలె" అని రాసిన.

ఆరు గొట్టింది. పైపు మొదలైంది.
నురగ మెల్లగ రెల్లు దిక్కు వచ్చింది.
సారంగం తెడ్డుతోని అవతలికి నెట్టిండు.
మళ్లొచ్చింది.
మళ్ల నెట్టిండు.