తీగ లేని అక్షరాలు

మూడో షిఫ్టు భోంగా కూసినప్పుడు
నేను నిద్రలనే చెప్పులు తొడుక్కుంట,
డ్యూటీ లేని రాత్రి గూడ.
బల్లార్షల పుట్టినోని కాళ్లకు
కలకూ గేటుకూ తేడా తెల్వదు.

కలల మిల్లు ఉంటది, మనుషులుండరు.
గోడలు తడి. కుళ్లిన గోబీ వాసన.
వెదురు లారీలు డ్రైవర్లు లేకుండనే వెనక్కి వెనక్కి వస్తయి,
ఒక్కో బొంగు గణుపు కాడ నోరు తెరిచి
దగ్గుతది.
మా గల్లీ ముసలోళ్ల దగ్గు. ఎవరిదేదో నాకు ఆనవాలే.

మషీన్ మీదికెళ్లి కాగితం దిగుతది
ఇప్పుడే జ్వరం విడిచిన ఈపు లెక్క, వేడిగ, చెమటగ.
దానిమీద ఏదో రాసి ఉంటది.

నేను జిల్లా పరిషద్ బడిల చదివిన, నాకొచ్చింది మరాఠి.
మరాఠి అక్షరాలు దండెం మీది బట్టలు,
పైన తీగ ఉంటది,
గాలికి ఊగుతయి గాని కింద పడవు.
ఇవి గుండ్రంగ ఉన్నయి. వీటికి తీగ లేదు.
కాగితం అంచు దాక వచ్చి
ఒకటెనుక ఒకటి రాలి
నా దిక్కు దొర్లుతున్నయి.

అమ్మ తిట్టింది తెలుగుల, ఏడ్చింది తెలుగుల.
మా ఇంట్ల తెలుగుకు గొంతే ఉండె, మొఖం లేకుండె.
ఇప్పుడు మొఖాలొచ్చినయి,
గొంతు ఏడ పోయిందో.

బాపు పేరు దుర్గం పోశం. చిప్పర్ కాడ పని.
ఎడమ చేతికి నాలుగే వేళ్లు,
చిటికెన వేలు ముందే ఇచ్చి పెట్టిండు, బయానా లెక్క.
ఒక ముసురు నాడు వెదురు వెంబడి
మిగిలిన మనిషి గూడ పోయిండు.
ఆ దినం కాగితం జరంత గులాబి రంగుల దిగిందంట.
సాహెబు వెలుతురుకు పట్టి చూసి
"చాలేల్" అన్నడంట.

ఆ ఏడు మిల్లోళ్లు మా పిల్లలందరికి నోటుబుక్కులు పంచిన్రు.
నా దాంట్ల నేను ఎక్కాలు రాసిన.
బే ఏకే బే. బే దునే చార్.
ఎంత రాసినా కాగితానికి దూప తీరకపోయేది.

దొర్లి దొర్లి ఒకటి నా కాలి బొటనవేలికి ఆనింది.
గుండ్రం. నడుమ చుక్క.
నన్ను చూసింది.

లేచేటాళ్లకు పిడికిలి తడి.
విప్పలేదు. విప్పకుండనే ఎర్ర ఎస్టీ బస్సెక్కిన,
ఆలాపల్లి అడవంత ఎడమ చేత్తోనే టికెటు, ఎడమ చేత్తోనే బీడీ.
సిరొంచల మా మేనత్త శంకరక్క ఉన్నది,
ఏటవతల చదువుకున్న మనిషి,
మా వంశంల తెలుగు చదువొచ్చింది ఆమెకొక్కతెకే.

వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.
లోపట ఒక్క అక్షరమే అనుకున్న,
ఆమె చాన సేపు చదివింది.
చదువుతున్నకొద్ది మొఖం మీది ముడుతలు సాపైనయి,
బొట్టు మాసింది, కనుబొమ్మలు మాసినయి,
కండ్లున్న జాగ తెల్లగయింది.
నోరు మాసే ముందర ఒక్క మాటన్నది:
"ఇది నీకు రాసింది కాదుర."

నేను లేచిన.
మళ్ల లేచిన.
ఎన్నిసార్లు లేస్తే తెల్లారుతదో ఎవరినడగాలె?

పక్క గదిల లైటు.
మా ప్రణాలి నాలుగో తరగతి,
నిద్ర కండ్లతోటి కూసోని
కొత్త నోటుబుక్కు కాగితం బల్బుకు పట్టి చూస్తున్నది.
"బాబా, దీంట్ల ఎవరిదో చెయ్యి."

నీళ్ల మరక లెక్క, కాగితం లోపట,
ఎడమ చెయ్యి. నాలుగు వేళ్లు.
వద్దంటుంటెనే దాని అరచెయ్యి ఆనిచ్చింది.
నాలుగు వేళ్లు కుదిరినయి.
చిటికెన వేలు ఎటు పోవాల్నో తెల్వక
కొద్దిసేపు ఆగింది,
ఆగి, మెల్లగ లోపటికి ముడుచుకున్నది.

భోంగా కూసింది.
బిడ్డ మంచం కింద
చెప్పులు దేవులాడుతున్నది.