ఫుల్లుకు పన్నెండున్నర

"నువ్వే రాయక్కా, లెక్క నీకే కలుస్తది"
అన్నడు మా తమ్ముడు దశరథ,
బిడ్డ పెండ్లికార్డు వెనక తెల్ల జాగ చూపెట్టి.
ఇరవై ఆరేండ్లు ఉప్పల్ డిపోల టికెట్లు కొట్టిన.
ఆఖరి ట్రిప్పుల నోటి వాసనలు తాళలేక
కిటికీల షట్టర్లు ఎత్తిన చెయ్యి ఇది.
ఇప్పుడిదే చెయ్యి విస్కీ అని రాయాలె.

పంచిన కార్డులు ఆరు వందలు.
వచ్చేది నాలుగు వందల యాభై.
అండ్లకెల్లి ఆడోళ్లు, పిల్లలు, అయ్యప్ప మాలల ఉన్నోళ్లు,
శనివారం ముట్టనోళ్లు పోంగ
గ్లాసు పట్టేది నూటా అరవై.
ఫుల్లుకు పన్నెండున్నర పెగ్గులట.
ఆ అర ఎటు పోతదని అడిగితే ఎవలూ చెప్పలే.
పన్నెండే వేసుకున్న.
నూరు మందికి తలా నాలుగు: ముప్పై నాలుగు ఫుల్లులు.
అరవై మందికి తలా మూడు బీర్లు: పదిహేను కాటన్లు.

గీత గీసి సంతకం పెట్టబోయిన, పాత అలవాటు.
మరిది జంగయ్య నవ్విండు:
"సీట్లు లెక్కవెట్టినవు వదినె,
ఫుట్‌బోర్డు మర్శినవు."

నిజమే.
కెమెరా పిలగాండ్లు, బ్యాండోళ్లు,
కుర్చీలు దించి పోకుండ నిలవడే ట్రాలీ డ్రైవరు,
పెండ్లికి తీరికలేక దావత్‌కు తీరిక చేసుకునే
పెండ్లికొడుకు దోస్తులు,
"నేను మానేసిన, నీ కోసం ఒక్కటి" అని మొదలువెట్టి
అయిదో గ్లాసుకు
అమ్మిన పొలం హద్దులు గుర్తుకొచ్చే మా పెద్దబావ.

ఆడోళ్లకు సున్న చుట్టిన గద, దాన్ని కొట్టేసిన.
పెండ్లిపిల్ల రూముల థమ్సప్ సీసాలన్నీ నల్లగనే ఉంటయి,
అన్నిట్ల థమ్సప్పే ఉండదు.
ఆరు బ్రీజర్లు అని రాసి
ఎవలకో రాయలే.

"సీలు తియ్యకుంటే వాపస్ తీస్కుంట" అన్నడు
కొత్తపేట వైన్సుల పిలగాడు.
ఆ మాటకు మా చిన్నోడు ఐలేశు
కార్డు మీదికి వంగి చూసిండు.
ఎర్రగడ్డ నుంచి ఇంటికొచ్చి ఎనిమిది నెల్లు.
"నన్ను ఏ కాలంల రాసినవక్కా?"

ఎందుల రాయలే. పెన్ను మూత పెట్టుకుంట కూసున్న.
వాడే అన్నడు,
"నా వాటా ముప్పై ఏండ్లల అడ్వాన్సు తాగిన.
నాకు గేటుకాడ ఒక స్టూలు, ఒక స్టీలు బకెట్ ఇయ్యుండ్రి."

కర్మన్‌ఘాట్ ఫంక్షన్ హాలు.
సాక పోస్తుండు దశరథ, మొదటి సీసా మూత తీసి
కల్లు గీసి మమ్ముల సాదిన మా నాయిన పేరు మీద.
నేల పీల్చుకున్నది చూస్తే
అటిటు అర పెగ్గు.
సరే, అది కలిసింది.

బీర్లు తొమ్మిదిన్నరకే ఒడిసినయి.
విస్కీ ఏడు ఫుల్లులు మిగిలినయి.
బ్రీజర్లు ఎన్నడు పోయినయో తెల్వది.
అందరు నన్నే చూసిండ్రు,
ఛార్జి పెంచింది నేనే అన్నట్టు.

గేటుకాడ ఐలేశు మోకాళ్ల నడుమ బకెట్.
"బండి తాళం ఇండ్ల ఎయ్యన్నా,
రేపు పొద్దుగాల చాయ్ తాగి తీస్కపో."
కొందరు తిట్టిండ్రు. ఒకడు కొట్టబోయిండు.
ఒకడు వాని భుజం మీద తలపెట్టి ఏడ్చిండు శానసేపు.
గొంతు దాటి వచ్చిన ఆ వాసనకు
వాడు మొకం తిప్పుకోలే.
నేను దూరంకెళ్లి చూస్తున్న, నా చెయ్యి
లేని షట్టర్ కోసం గాలిల లేసింది.

తెల్లారి బకెట్ బోర్లిచ్చి లెక్కవెట్టినం:
ఎనభై ఏడు తాళాలు.
నా లెక్కల యాడ లేని అంకె.

ఎనభై ఆరు పోయినయి.
స్ప్లెండర్‌ది ఒకటి, ఎర్రదారం కట్టింది,
ఇంక మా ఫ్రిజ్ పక్క మేకుకే వేలాడుతుంది.
ఎవలిదో.
ఐలేశు దినాం దాన్ని ఒకసారి చూసి
పనికి పోతుండు.