లాభం, రెండు, మూడు

నెల్లూరు మునిసిపల్ ఈతకొలనులో
యాభై దాటినవాళ్ళకి పోటీలు.
ఎనిమిదొందల మీటర్లు, అంటే పోయి రావడం పదహారుసార్లు.
నాలుగో వరసలో మా బావ పెంచలరత్నం,
లైన్‌మన్‌గా రిటైరయిన మనిషి,
స్తంభం ఎక్కినంత నిదానంగా ఈదుతాడు.
గట్టు మీద మోకాళ్ళేసుకుని
ఆయన రౌండ్లు లెక్కబెట్టే పని నాది.

నాకే ఎందుకంటే,
బుచ్చిరెడ్డిపాళెం మిల్లులో మా నాయన
నలభై ఏళ్ళు వడ్లు కొలిచాడు.
పుట్టికి పిడికెడు తేడా రాలేదని పేరు.
ఆయన పక్కన గోతాం మీద కూర్చోని
బడికంటే ముందే నేను అంకెలు నేర్చుకున్నాను.
మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, లాభం అనాల.
ఏడు అనకూడదు,
"వడ్లకాడ ఏడుపు మాటేందే?" అని కసిరేవాడు,
ఆరున్నొకటి అనాల.

ఈల పడింది.
అయిదుగురు దూకారు.
ఆరో ఆయన నిచ్చెన పట్టుకోని దిగాడు,
గుండెలో స్టెంటు ఉందంట, డాక్టరు దూకొద్దన్నాడంట.

బావ పోయి తిరిగొచ్చి గోడ తాకాడు.
"లాభం" అన్నాను.
పక్కన కాగితం పట్టుకున్న కాలేజీ పిల్ల షాహీన
నన్ను చూసి నవ్వింది గానీ గీత గీయలేదు.
శుభం లాంటి మాటేదో అనుకుందంట.
"రెండు" అంటే అప్పుడు గీసింది.
నా రెండు ఆమెకి ఒకటి.

మైకులో "నాలుగో వరస, నాలుగు రౌండ్లు" అని వినబడితే
"అయిదయ్యా!" అని అరిచాను.
నా మాట ఎవరికి పట్టింది?
ఎండకి గట్టు పెనంలా కాలుతోంది,
క్లోరిన్ వాసనకి కళ్ళు మండుతున్నాయి,
బావ తల మునుగుతోంది, తేలుతోంది.

"ఆరున్నొకటి" అన్నాను.
ఆరుకొకటి, ఒకటికొకటి,
రెండు గీతలు గీసింది ఆ తల్లి.

బావ పదహారోసారి గోడ తాకినప్పుడు
కాగితం మీద సరిగ్గా పదహారు గీతలు.
రిఫరీ నా వైపు చూసి "లెక్కంటే ఇదీ" అన్నాడు.
నేను, షాహీన ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

లెక్క తెగింది గానీ టైం తెగలేదు.
వరసకి మూడు గడియారాలు.
బ్యాంకు మాలకొండయ్యది ఇరవై ఒక నిమిషం ఎనిమిది సెకన్లు.
సుబ్బరత్నం టీచరుది ఇరవై నిమిషాల ఎనిమిది,
కళ్ళజోడు తెచ్చుకోలేదని తర్వాత ఒప్పుకుంది.
మందుల షాపు కామాక్షయ్య
మూడో వరసాయన గోడ తాకితే నొక్కబోయి,
"మనోడు కాదు" అని ఎవరో అంటే ఆగి,
మనోడు వచ్చేసరికి చప్పట్లు కొడుతున్నాడు.

గొడవ జరుగుతుంటే
బావ నీళ్ళలోనే తాడు మీద చేతులేసుకుని వేలాడుతూ,
"అయిపోయినట్టేనా?" అన్నాడు.
నువ్వు లెక్కబెట్టుకోలేదా అంటే
"నువ్వుండావు గదా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.
మిల్లులో రైతులు కూడా
గోతాల మీద చేరగిలబడి బీడీలు కాల్చుకుంటూ
మా నాయన గొంతు వినేవాళ్ళు, కుంచం వైపు చూసేవాళ్ళు కాదు.
ఆయన కొలిచిన పుట్లన్నీ
నిజంగా సరిపోయాయా,
ఒక పక్క జారింది ఇంకో పక్క కలిసి
సరిపోయినట్టు కనబడ్డాయా?
అడుగుదామంటే మనిషి లేడు.
ఉన్నా అడిగేదాన్ని కాదేమో.

రాత్రి తొమ్మిదికి కామాక్షయ్య ఫోన్.
"అమ్మా, చొక్కా ఉతకడానికేస్తుంటే
జేబులో గడియారం దొరికింది.
ఇంకా తిరగతానే ఉండాది.
పది గంటల నలభై నిమిషాలు చూపిస్తా ఉండాది.
ఆపేదా?"

బావ అప్పటికే నిద్రపోయాడు,
తడి తువ్వాలు దండెం మీద నీళ్ళు కారుస్తోంది.
నేనేం చెప్పాలో తోచక
కాసేపు ఫోన్ చెవికానించుకుని
ఆ చుక్కలు వింటూ కూర్చున్నాను.
లాభం.
రెండు.