ఎడమ మలుపులో

వానలు మొదలైన వారం
నా గుండ్రటి ముసలి ఫోక్స్‌వ్యాగన్‌లోకి
పెట్రోలు వాసన దిగింది,
పిలవని చుట్టంలా, చెప్పులైనా విప్పకుండా.
అద్దం దించితే అడిస్ అబాబా వానంతా ఒళ్లోకొస్తుంది.
ఎత్తితే వాసన నెత్తికెక్కుతుంది.

ఇంకొకరికైతే తలనొప్పితో పోయేది.
నాకు కూటికే ఎసరు.
కాఫీ రుచి చూసి మార్కులు వేయడం నా పని.
వరసగా ముప్పై కప్పులు
చెంచాతో జుర్రి, ఉమ్మి,
మల్లె ఉందా, నిమ్మతొక్క ఉందా,
గోనెసంచి కంపు ఉందా, రాస్తాను.
సోమవారం హరార్ గింజల పక్కన
"కిరసనాయిలు ఛాయ" అని రాశాను.
మా పెద్దాయన తఫెరి మళ్లీ జుర్రి చూశాడు.
"కప్పులో లేదు వొయిన్‌షెత్,
నీ నెటెలా కొంగులో ఉంది."
ఎవరో రైతు ఏడాది కష్టంలోంచి
నా కొంగు రెండు మార్కులు కోసేసింది.
అంకె దిద్దాను. సిగ్గు దిద్దుకోవడం రాలేదు.

గాషె బెలాచెవ్ షెడ్డు రైలు వంతెన కింద.
నలభై రెండేళ్లుగా ఈ బండ్ల కడుపులే చూస్తున్నాడు.
మొదట కార్బురేటర్ వాషరు మార్చాడు.
తర్వాత పంపు.
తర్వాత ఇంజను పక్క రబ్బరు గొట్టం,
"ఇది తెగితే బండి తగలబడుతుంది తల్లీ"
అని భయపెట్టి మరీ.
ప్రతిసారీ "ఇక రాదు" అన్నాడు.
ప్రతిసారీ అది నాకంటే ముందే
సీట్లో కూచుని ఉంది.

మూడోసారి కోపం ముక్కు మీదికొచ్చింది.
"ఇంత ఘాటు మీకు తెలియట్లేదా?"
ఆయన గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు, ఒక్కొక్కటే.
"నాకు ముక్కు పోయి పన్నెండేళ్లు" అన్నాడు.
"కంటితో పట్టుకుంటాను, చేత్తో పట్టుకుంటాను.
తడి కనబడని చోట నేను గుడ్డివాణ్ణి."

ఇక నా పనిముట్టే దింపాలి.
ట్యాంకు నింపించి, ఒళ్లో నోటుపుస్తకంతో తిరిగాను.
ఎక్కుడు: కొంచెం.
కుడి మలుపు: లేదు.
ఎడమ మలుపు: మొహాన కొట్టింది.
అదే చౌరస్తా నాలుగుసార్లు తిరిగాను,
నాలుగోసారికి ట్రాఫిక్ పోలీసు తల వంచి పలకరించాడు.
బండి ఎడమకు తిరిగితే లోపలి పెట్రోలు
కుడికి ఒరుగుతుంది,
బస్సులో నిలబడ్డ జనంలాగే.
సగం ట్యాంకుకి వచ్చేసరికి, ఏ మలుపులోనూ ఏమీ లేదు.

తెల్లారి కాఫీ తాగకుండా, సబ్బు ముట్టకుండా వెళ్లాను.
ఈ బండికి ఇంజను వెనక, ట్యాంకు ముందు.
ఇన్నాళ్లూ మేం తోక పట్టుకుని వెతికాం.
ముందు మూత ఎత్తించాను, లోపలి అట్ట తీయించాను,
కళ్లు మూసుకుని వంగాను.
స్పేర్ టైరు: తడిసిన కుక్క.
జాకీ: తుప్పు, పాత గ్రీజు.
ట్యాంకు నడిమి మూత: దుమ్ము, ఇంకేం లేదు.
కుడి మూలకు జరిగితే
దారం కొసలా, సన్నగా, దొరికింది.
"ఇక్కడ."

నా వేలి పక్కనుంచి ఆయన వేళ్లు లోపలికి దూరాయి.
ట్యాంకుకు గాలాడే గొట్టం, చిటికెన వేలంత.
పైనుంచి చూస్తే నున్నగా ఉంది.
అడుగున, వంపులో,
ఎండాకాలం మడమలా బీటలు.
"జానెడు గొట్టం" అన్నాడు.
"జానెడు గొట్టానికి పంపు మార్పించాను నీ చేత."
పంపు డబ్బు వెనక్కిస్తానన్నాడు.
ఒకసారి వద్దన్నాను.
రెండోసారి తీసుకున్నాను.

కొత్త గొట్టం బిగిస్తూ, తల బయటికి తీయకుండానే
అడిగాడు:
"ఇంతకీ ఎలా ఉంటుంది, ఆ వాసన?"

పొద్దున్నించి రాత్రిదాకా అందులోనే మునిగే మనిషి.
ముప్పై కప్పులకు మాటలు వెతికే నేను తడుముకున్నాను.
"మొదట తీపి. మగ్గిన అరటిపండు తొక్క
చీరినప్పుడు ఒక్క క్షణం వస్తుందే, అది.
తర్వాత చల్లదనం, నాలుక మీద నాణెం పెట్టినట్టు.
చివర్లో, బండి నేర్చుకున్న మొదటి రోజు."
చివరిది మా ఫారంలో ఒప్పుకోరు.

స్పానరు ఆగింది.
"అరటిపండు" అన్నాడాయన, మూత కిందనుంచి.
"అవునవును. అరటిపండు ఉండేది."