బాయిలర్ చెడిన నాలుగు రోజులు

మోర్‌కామ్‌లో జనవరి.
ఆదివారం రాత్రి చర్చి హాలు బాయిలర్
ముసలి గేదెలా ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.
పన్నెండు మంచాలు మడిచేశాం.
వాటి మీద పడుకునే పన్నెండు మందినీ
కౌన్సిల్ వాళ్లు స్టేషన్ పక్క హోటల్లో సర్దారు.
తాళంచెవి నా చేతిలో పెట్టి
వికార్ రోవెనా అంది:
"సూ, గురువారం దాకా నీకు పనిలేదు."

సువార్తమ్మ అన్న పేరు ఇక్కడెవరికీ నోరు తిరగదు.
మొదటి అక్షరంతో సరిపెట్టుకుంటారు,
నేనూ సరిపెట్టుకున్నాను.
పనిలేదన్న మాట మాత్రం
అన్నంలో రాయిలా తగిలింది.

ఆరేళ్లుగా రాత్రులు నావి కావు.
లోర్నా వణుకుతూ వచ్చినప్పుడు పట్టిన బకెట్టు,
జవాబు రాయని కొడుక్కి గ్వినెత్ రాసే ఉత్తరాల్లో
నేను దిద్దే స్పెల్లింగులు,
క్లైవ్ గోడకేసి కొట్టిన సూపు గిన్నె.
"మీ దేవుడికి చెప్పు, ఉప్పు తక్కువైందని."
గోడ తుడుస్తూ వేలు నాకి చూశాను.
నిజమే, తక్కువైంది.

సోమవారం
కెటిల్ పెట్టి వెనక్కి తిరిగితే
బల్ల మీద కప్పులు వరసగా, ఇంట్లో ఉన్నవన్నీ.
నేనే పెట్టాను, ఎప్పుడు పెట్టానో తెలీదు.
ఒకదాంట్లో టీ పోసుకుని
మిగతావి కడిగాను, మురికి లేకపోయినా.
మోకరిస్తే నోటికి జాబితా వచ్చింది:
లోర్నా కాలేయం, గ్వినెత్ కొడుకు, క్లైవ్ కోపం.
ఆమేన్ అన్నాక అనిపించింది,
ప్రభువు ముందు హాజరుపట్టీ చదివి లేచానని.

మంగళవారం సముద్రం చూద్దామని పోయాను.
సముద్రం లేదు.
ఇక్కడింతే, ఆటు వేళ కనుచూపు దాటి వెళ్లిపోతుంది.
బురద, ఇసుక, ఆకాశం పడ్డ గుంటలు,
పొడుగు ముక్కు పిట్టలు
చిరిగిందేదో కుడుతున్నట్టు పొడుచుకుంటూ.
బెంచీ మీద కూర్చుని చేపా చిప్సూ తిన్నాను,
ఎవరికీ పంచకుండా,
కాగితానికి అంటుకున్న ముక్కలతో సహా.
సీగల్ ఒకటి వచ్చి నిలదీసింది.
దానికీ పెట్టలేదు.

బుధవారం పట్టపగలు నిద్రపోయాను.
మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా.
పగటి నిద్ర దరిద్రమనేది.
ఆదివారం ఆరాధన నుంచి వచ్చి మాత్రం
తెల్లచీర మార్చకుండానే చాప మీద ఒరిగి
గురక పెట్టేది.
ఆ గురక నడుస్తున్నంతసేపూ
మేం కొట్టుకునేవాళ్లం కాదు.

లేచి కిటికీ దగ్గర నిలబడితే గుర్తొచ్చింది,
పడవలోకి నీళ్లు వస్తుంటే
తలగడ మీద పడుకున్న ఆయన.
నేనెప్పుడూ కేకలేసి లేపినవాళ్ల పక్షమే.
చేపలు పట్టే పడవలోకి
ఆ తలగడ తెచ్చిందెవరో
ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

గురువారం పొద్దున్నే వెళ్లాను.
మెకానిక్ ఇంకా రాలేదు.
నోరు తెరిస్తే పొగ.
చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను.
ఏమీ అడగలేదు, ఎవరి పేరూ చెప్పలేదు.
కిటికీ రంగుగాజు నీలం
నేల మీద కొంచెం కొంచెం జరుగుతోంది.
అది ఏ బండ దాకా వచ్చిందో చూడలేదు.

మెలకువ వచ్చేసరికి నా మీద ఒక కోటు.
తడి కుక్క వాసన, పొగాకు వాసన.
పక్కకి ఒత్తిగిలితే జేబులో గరగర:
హోటల్ బల్ల మీంచి తెచ్చిన
ఉప్పు పొట్లాలు, ఐదో ఆరో.

ముందు బెంచీలో క్లైవ్,
ఒట్టి స్వెటర్‌తో, చేతులు చంకల్లో దోపుకుని.
"గురక పెడతావు నువ్వు," అన్నాడు.
"బాయిలర్ బాగైందా?"
"ఎవడికి తెలుసు."
కాసేపాగి, తల తిప్పకుండానే,
"పడుకో. ఎవరైనా వస్తే నే చెప్తాలే."

కోటు గడ్డం దాకా లాక్కున్నాను.